బొమ్మల పుస్తకాలు వేస్తానంటున్న అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: పాఠశాల చదువు ముగించిన మా అమ్మాయి చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు రూపొందించడమే తన వృత్తి అంటోంది. యానిమేషన్, గ్రాఫిక్ డిజైన్, చిత్రకళ, ఈ మూడింటిలో దేనికి స్థిరమైన ఆదాయం ఉంటుంది? ఏఐ సాయంతో వారంలో పుస్తకం తయారు చేయడం నేర్పే చిన్న కోర్సు చాలునని తెలిసినవారు అంటున్నారు. నిజమేనా? – ఒక తండ్రి

జవాబు: మీరు కోర్సుల పోలిక అడిగారు గానీ, మీ ప్రశ్న వెనుక ఉన్న భయం వేరు. రేపు అమ్మాయి తన కాళ్ల మీద తాను నిలబడలేకపోతే, ఈరోజు వద్దని చెప్పనందుకు ఆ తప్పు మీ మీదకే వస్తుందేమోనని మీ దిగులు. ఇదే దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి, ముందు దానికే సమాధానం చెబుతాను.

కేవలం బొమ్మల పుస్తకాలతోనే, అదీ మొదటి ఏడాది నుంచే, జీవనం సాగించగలిగేవారు ఎక్కడైనా కొద్దిమందే. ఒక్కో పుస్తకానికి నెలల తరబడి పని ఉంటుంది. ప్రచురణకర్త ఇచ్చేది ఒకేసారి చెల్లించే మొత్తం కావచ్చు, తర్వాత వచ్చే రాయల్టీలో, అంటే అమ్మకాల మీద వచ్చే వాటాలో, మినహాయించుకునే అడ్వాన్సు కావచ్చు. కథ మరొకరిదైతే రాయల్టీని సాధారణంగా ఇద్దరూ పంచుకోవలసి వస్తుంది. ఇంత చెప్పాక కూడా మీరు బెంగపడవలసిన పని లేదనే అంటాను. ఎందుకంటే ఈ పని సక్రమంగా నేర్చుకున్నవారికి పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ముఖచిత్రాలు, పిల్లల ఆటవస్తువులు, యానిమేషన్ చిత్రాల స్టోరీబోర్డులు (దృశ్యాలను ముందే వరుసగా గీసి చూపే బొమ్మలు), కళాబోధన వంటి దారులన్నీ తెరిచే ఉంటాయి. ఈ రంగంలో ఉన్నవారిలో చాలామంది ఇలాంటి పనులు చేస్తూనే ఏడాదికో రెండేళ్లకో ఒక పుస్తకం వేస్తారు. దాన్ని ఓటమిగా లెక్కపెట్టకండి.

ఇక ఏఐ కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. చక్కని బొమ్మలు ఇప్పుడు క్షణాల్లో వస్తాయన్నది నిజం; ఒకే పాత్రను పేజీ పేజీకీ దాదాపు ఒకేలా చూపించే సామర్థ్యం కూడా ఆ పరికరాలకు పెరుగుతోంది. అయితే పుస్తకం పుట్టేది అంతకంటే ముందు. పెద్ద కాగితాన్ని రెండువైపులా ముద్రించి, మడిచి, కత్తిరిస్తారు కాబట్టి పేజీల సంఖ్య సాధారణంగా ఎనిమిది లేదా పదహారు గుణిజాల్లో ఉంటుంది. 32 పేజీల పుస్తకాలు ఎక్కువగా కనిపించేది అందుకే. పేరు పేజీ, ప్రచురణ వివరాలు పోగా కథకు మిగిలేవి 12 నుంచి 14 జంట పేజీలు, అంటే పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండేసి పేజీలు. ఆ కొద్ది చోటులో ఏ మాట తీసేసి బొమ్మకు అప్పగించాలి, పేజీ తిప్పేముందు పిల్లవాడిని ఏ సందేహంలో నిలపాలి, ఏ జంట పేజీని దాదాపు ఖాళీగా వదిలేయాలి అన్నవి తేల్చుకోవడమే అసలు పని. ‘పాప భయపడలేదు’ అని వాక్యం చెబుతుంటే, బొమ్మలో ఆ పాప దుప్పటి కింద దాక్కుని ఉంటే, చదవడం రాని పిల్లవాడు కూడా నిజం పసిగట్టి నవ్వుతాడు. వారంలో పుస్తకం చేయిస్తామనే కోర్సు ఈ ఆలోచనకు సమయం ఎక్కడ ఇస్తుంది?

హక్కుల సమస్య మరొకటి. ఏఐతో తయారైన బొమ్మలున్న ఒక కామిక్ పుస్తకం విషయంలో అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023 ఫిబ్రవరిలో, రచనకూ బొమ్మల అమరికకూ రక్షణ ఉంటుంది గానీ ఆ బొమ్మలకు విడిగా ఉండదని తేల్చింది. చట్టాలు దేశానికొక తీరుగా ఉన్నా, తన బొమ్మ మీద తనకు హక్కు లేకపోతే చిత్రకారిణి ప్రచురణకర్తతో బేరమాడేది దేని గురించి?

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీరు ఆదాయం గురించి అడిగారు, తెలిసినవారి అభిప్రాయం రాశారు. అమ్మాయి ఏం గీస్తోందో, ఎవరికోసం గీస్తోందో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆమె బొమ్మలు చూడకుండా ఆమె భవిష్యత్తు గురించి పరాయివారి సలహాలు పోగుచేయడం న్యాయం కాదు. ముందు ఆమె పక్కన కూర్చుని ఆ బొమ్మలన్నీ చూడండి. బాగున్నాయా లేదా అని తీర్పు చెప్పకండి. ఈ పాత్ర ఎవరు, తర్వాత ఏమవుతుంది అని అడగండి.

పోలిక విషయానికి వస్తే, యానిమేషన్ కదలికనూ, వరుస దృశ్యాలతో కథ చెప్పడాన్నీ బాగా నేర్పుతుంది, బృందంలో ఉద్యోగాలూ ఉంటాయి, కానీ ముద్రణ మీద శ్రద్ధ తక్కువ. చిత్రకళ చేతిని, కంటిని తీర్చిదిద్దుతుంది. పుస్తక నిర్మాణం మాత్రం సొంతంగా నేర్చుకోవాలి. అక్షరాల ఎంపిక, పేజీ అమరిక, ముద్రణకు ఫైళ్లు సిద్ధం చేయడం గ్రాఫిక్ డిజైన్‌లో వస్తాయి. తెర మీద మెరిసిన రంగు కాగితం మీద ఎందుకు వెలవెలబోతుందో, జంట పేజీల మధ్య మడతలో ముఖం పడితే ఏమవుతుందో, బొమ్మను కాగితం కత్తిరించే అంచు దాటి మూడు మిల్లీమీటర్లు అదనంగా ఎందుకు వేయాలో అక్కడ తెలుస్తుంది. ఇలస్ట్రేషన్‌ను, అంటే కథకు తగ్గ బొమ్మలు వేయడాన్ని, విడి పాఠ్యాంశంగా బోధించే గ్రాఫిక్ డిజైన్ కోర్సు దొరికితే నా ఓటు దానికే. చేరేముందు చివరి ఏడాది విద్యార్థుల పనులు చూపించమని అడగండి. వాటిలో పూర్తయిన పుస్తకం ఒక్కటైనా లేకపోతే మరో చోటు వెతకండి.

దరఖాస్తుల గడువు వచ్చేలోగా అమ్మాయి చేత ఒక నమూనా పుస్తకం చేయించండి. మామూలు కాగితాలు మడిచి కుట్టి, పెన్సిల్‌తో చిత్తుబొమ్మలు, చేతిరాతతో వాక్యాలు ఉంటే చాలు. అందులో రెండు జంట పేజీలు మాత్రం పూర్తి రంగుల్లో వేయాలి. విడి బొమ్మల కట్ట కంటే ఇది ఆమె ఆలోచనను స్పష్టంగా చూపుతుంది. 1967 నుంచి ఇటలీలోని బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో భాగంగా జరుగుతున్న చిత్రకారుల ప్రదర్శనకు కూడా ఒకే అంశం మీద ఐదు బొమ్మలు పంపాలి. ఒక్క అందమైన బొమ్మ అక్కడా సరిపోదు. ఖరీదైన డ్రాయింగ్ టాబ్లెట్ ఇప్పుడే కొనకండి. కోర్సు మొదలయ్యాక, అక్కడ ఏది వాడతారో తెలుసుకుని కొనవచ్చు.