వించ్ మోటారు కాలింది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: నాకు హయత్‌నగర్‌లో పాడైన కార్లను ఎక్కించుకుని తీసుకెళ్లే రికవరీ వ్యాన్ ఒకటి ఉంది. 2015 మోడల్, ఈఎంఐలు ఎప్పుడో అయిపోయాయి. నేనే నడుపుతా, తోడుగా ఒక హెల్పర్. పోయిన వారం పెద్ద అంబర్‌పేట దగ్గర ఒక కారును ఎక్కిస్తుంటే, దాన్ని రోపుతో పైకి లాగే వించ్ మధ్యలో ఆగిపోయింది. మోటారు కాలిన వాసన. కారు సగం ర్యాంపు మీద, సగం రోడ్డు మీద. ఇంకో బండిని పిలిచి 2,500 ఇచ్చుకున్నా, కస్టమర్ నాకు పైసా ఇవ్వలేదు. మొత్తం విప్పి బాగు చేస్తే 27,000 అవుతుందని (అందులో రోపుకు 7,000, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరుకు 4,500), ఆరు రోజులు పడుతుందని ఆటోనగర్ మెకానిక్ అంటున్నాడు. కొత్తది, మంచి కంపెనీది, ఫిట్టింగ్‌తో కలిపి 82,000, రెండేళ్ల వారంటీ, బిగించడానికి రెండు రోజులు. ఆన్‌లైన్‌లో అదే కెపాసిటీ వించ్ 38,000కే ఉంది. నెలకు 40 ట్రిప్పులు తిరుగుతా, ట్రిప్పుకు సగటున 1,800 వస్తే డీజిల్, హెల్పర్ పోను 700 మిగులుతుంది. ఆ 40లో 30 ట్రిప్పులు వించ్ లేనిదే కుదరవు. బ్యాంకులో 75,000 ఉంది, జూన్‌లో పాప ఇంటర్ సెకండియర్ ఫీజు 35,000 కట్టాలి. డైలీ ఫైనాన్స్ వాళ్లు 50,000 రాయించుకుని 45,000 రేపే చేతికిస్తామంటున్నారు, రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టాలి. కొత్తది కొంటే ట్యాక్స్‌లో కలిసొస్తుందని మా ఫ్రెండు చెప్తున్నాడు. నేను టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించి రిటర్ను వేస్తా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ఇంకో మూడేళ్లలో వ్యాన్ మార్చే ఆలోచన ఉంది. కాలిన మోటారుకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయొచ్చా? ఏం చేయమంటారు?

జవాబు: మా అపార్ట్‌మెంట్ బోరు మోటారు గురించి చెప్పి మొదలుపెడతాను. మూడేళ్లలో దాన్ని నాలుగుసార్లు రీవైండింగ్ చేయించాం. ప్రతిసారీ మీటింగ్‌లో ఒకటే మాట, "ఈ ఒక్కసారికి చేయిద్దాం, వచ్చేసారి చూద్దాం". లెక్కలు రాసేది నేనే అయినా, నాలుగోసారి బిల్లు కట్టాక గానీ పాత రసీదులన్నీ ముందేసుకుని కూడలేదు. కూడితే కొత్త మోటారు ధర దాటిపోయింది. అంతకన్నా సిగ్గుచేటు సంగతి తర్వాత తెలిసింది. స్టార్టర్ డబ్బాలో ఒక ఫేజు కాంటాక్టు మాడిపోయి ఉంది. మూడు ఫేజుల మోటారు రెండింటి మీదే లాగుతూ లాగుతూ కాలిపోయేది. అసలు జబ్బు స్టార్టర్‌ది, నాలుగుసార్లు మందు వేసింది మోటారుకి.

అందుకే మీ మెకానిక్‌ని ధర అడగడానికి ముందు "మోటారు ఎందుకు కాలింది?" అని అడగండి. పదేళ్ల వించ్ కాబట్టి ముసలిదై పోయిందనడం తేలిక. కానీ వించ్ మోటారు ఫుల్ లోడులో 12 వోల్టుల బ్యాటరీ నుంచి 400 ఆంపియర్ల దాకా గుంజుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, ఎర్త్ కేబుల్ బోల్టు కింద తుప్పు పట్టినా మోటారుకు చేరే వోల్టేజీ పడిపోతుంది. అప్పుడది ఈడుస్తూ తిరుగుతుంది, అదే కారును ఎక్కించడానికి ఎక్కువసేపు పడుతుంది, వేడెక్కి చస్తుంది. పైగా ఇవి ఆగకుండా తిరగడానికి చేసిన మోటార్లు కావు, కాసేపు లాగి కాసేపు ఆరనివ్వాలి. మోటారు బాగయ్యాక బండి మీద ఒక కారును లాగుతూ, వించ్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడమనండి. బ్యాటరీ దగ్గర చూపించే దానికీ ఇక్కడ చూపించే దానికీ బాగా తేడా ఉంటే కేబుళ్లు మార్చాలి. ఆ పని చేయకపోతే 27,000 పెట్టినా, 82,000 పెట్టినా మళ్లీ అదే వాసన వస్తుంది.

ఇక డబ్బు సంగతి. 27,000 చిన్నది, 82,000 పెద్దది అని పోల్చుకుంటే తప్పుదారి పడతాం. రెండింటినీ నెలలకు పంచి చూద్దాం. బాగు చేయించిన వించ్ రెండేళ్లు నడుస్తుందనుకుంటే 27,000ను 24తో భాగిస్తే నెలకు 1,125. కొత్తది ఏడేళ్లు నడిచి, చివర్లో పాత సామాను కింద 12,000కు పోతుందనుకుందాం. మిగతా 70,000ను 84 నెలలకు పంచితే 833. అయితే కొత్త వించ్‌కూ రోపు అరుగుతుంది, కాంటాక్టరు మాడుతుంది. మీ మెకానిక్ చెప్పిన 27,000లో రోపుకు 7,000, కాంటాక్టరుకు 4,500 ఉన్నాయన్నారు కదా, ఆ రెండూ ఏడేళ్లలో మరో రెండుసార్లు మార్చాలంటే 23,000. అది కూడా పంచితే కొత్తదానికి నెలకు 1,107 పడుతుంది. అంటే తేడా 18 రూపాయలు!

రిపేరుకు ఆరు రోజులు, కొత్తది బిగించడానికి రెండు రోజులు పడుతుందని రాశారు. వించ్ ట్రిప్పులు నెలకు 30, పనిదినాలు 26 అనుకుంటే బండి ఆగిన ప్రతి రోజూ మీకు 800 పోతున్నట్టు. నాలుగు రోజులకు 3,200. దీన్ని కూడా 24 నెలలకు పంచి కలిపితే రిపేరు నెలకు 1,258 దాకా వస్తుంది. కాబట్టి కాగితం మీద కొత్తదే నెలకు నూటయాభై చౌక.

అయినా అప్పు చేయక్కర్లేదు కాబట్టి నేను మీకు రిపేరే చెప్తున్నాను, కాకపోతే ఒక షరతు మీద. ఈ లెక్కంతా నిలబడింది ఆ "రెండేళ్లు" అనే మాట మీద. అదే రిపేరు ఏడాదికే మొరాయిస్తే మొదటి లెక్కలోని 1,125 కాస్తా నెలకు 2,250 అవుతుంది. మూడేళ్లు నడిస్తే 750కి దిగుతుంది. ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేది మోటారు కాదు, గేర్‌బాక్సు. మోటారు రీవైండింగ్ మన ఊళ్లో అలవాటైన పని. బేరింగు మీద 6203 లాంటి నంబరు ఉంటుంది, ఆయిల్ సీలుకు కొలతలుంటాయి, అవి పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళితే దొరుకుతాయి. గేర్లు అలా దొరకవు. ఏ కంపెనీ వించ్‌కు ఆ కంపెనీ గేర్లే పట్టాలి, పదేళ్ల కిందటి మోడల్‌కైతే అసలు వస్తాయో లేదో.

అందుకని మెకానిక్ గేర్‌బాక్సు విప్పే రోజు మీరు పక్కనే ఉండండి. లోపలి గ్రీజును కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. నల్లగా ఉన్నా నున్నగా జారిపోతే పర్వాలేదు. ఇసుకలా గరగరలాడి, ఎండలో పెడితే తళుక్కుమంటే అది గేరు పళ్ల నుంచి రాలిన ఇనుము. తర్వాత డ్రమ్మును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కటకటమని ఆడితే బుష్‌లు పోయాయి, అవి చేయించుకోవచ్చు. కేసింగ్‌లో గానీ, బోల్టు రంధ్రాల చుట్టూ గానీ పగులు కనిపిస్తే ఇంకేం మాట్లాడకుండా ఆ వించ్‌ను పాత సామానుకు వేసేయండి. బ్రేకు సంగతి కూడా అడగండి. మోటారు ఆగాక కారును ర్యాంపు మీద పట్టి ఉంచేది అదే, అక్కడ పొదుపు పనికిరాదు. మోటారు లోపల అయస్కాంతాలున్న రకమైతే అవి చిట్లలేదు కదా అని చూడమనండి, బాగా కాలితే చిట్లుతాయి.

గ్రీజు నున్నగా ఉండి, కేసింగ్ గట్టిగా ఉంటే చేయించండి. కొటేషన్ 32,000 దాటితే మాత్రం మానేయండి. విప్పాక "అన్నా, ఇది కూడా పోయింది" అని ఒక్కోటి పెంచుకుంటూ పోవడం అందరికీ అనుభవమే, అందుకే ఈ అంకె ముందే మనసులో పెట్టుకుని వెళ్లమంటున్నాను. రోపు దగ్గర ఒక సలహా. ఇప్పుడున్నది స్టీలు రోపు అయితే, పురులు తెగి ముళ్లలా లేచి ఉంటే, ఇంకో సీజన్ లాగిద్దామని చూడకండి. తెగిన స్టీలు రోపు కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ సమయానికి అక్కడ నిలబడేది మీ హెల్పరు. సింథటిక్ తేలిక, తెగినా అంత ప్రమాదం కాదు. కాకపోతే ర్యాంపు అంచుకు రాసుకుంటే త్వరగా అరుగుతుంది, మన ఎండకు కూడా పాడవుతుంది. పని లేనప్పుడు దానిమీద ఒక కవరు కప్పండి.

ఆ 38,000 వించ్ మాట. డబ్బా మీద 12,000 పౌండ్లు అని రాసి ఉంటుంది, అంటే దాదాపు 5,400 కిలోలు. ఏ వించ్‌కైనా ఆ అంకె డ్రమ్ము మీద రోపు మొదటి వరసలో ఉన్నప్పటిది. వరస మీద వరస చుట్టుకునే కొద్దీ లాగే బలం తగ్గుతుంది. అది అందరికీ ఉన్నదే. నా భయం వేరు. చాలా వించ్‌ల వారంటీ కార్డులో వ్యాపార వాడకానికి వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. సరదాకి కొండల్లో జీపు నడిపేవాళ్ల కోసం చేసిన సామాను అది, నెలకు 30 కార్లు ఎక్కించడానికి కాదు. 82,000 వించ్ విషయంలో కూడా ఈ ఒక్క ప్రశ్న షాపులో అడిగి, జవాబు బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే ఆ రెండేళ్ల వారంటీని మీ లెక్కలో సున్నా అనుకోండి.

మీ ఫ్రెండు చెప్పిన ట్యాక్స్ లాభం మీకు రాదు. టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించి రిటర్ను వేస్తున్నారు కాబట్టి, వించ్ మీద తరుగుదల, అంటే సామాను పాతబడే కొద్దీ తగ్గే విలువను, విడిగా ఖర్చు కింద తీసుకునే వీలుండదు. ఏడాదికి మీ రాబడి ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు, సర్వీసులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ 20 లక్షలు దాటితేనే తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి బిల్లులోని జీఎస్టీ కూడా మీకు వెనక్కి రాదు. ట్యాక్స్ కోసం సామాను కొనడం మీకు కుదిరే పని కాదు.

డైలీ ఫైనాన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే. 50,000 రాయించుకుని 45,000 చేతికిచ్చి, రోజుకు 500 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారని రాశారు. ఐదు వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ పోతున్నారు, కాబట్టి ఆ 45,000 వంద రోజులూ మీ దగ్గర ఉండటం లేదు. లెక్క కట్టి చూస్తే అది ఏడాదికి దాదాపు 78 శాతం. మన భాషలో చెప్పాలంటే ఆరున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటేనే ఆలోచిస్తాం కదా.

ఒకవేళ గేర్‌బాక్సు పోయి, కొత్తది కొనక తప్పకపోతే మీ ఖాతా ఉన్న బ్యాంకులో ముద్రా లోన్ అడగండి. 50,000 దాటి 5 లక్షల లోపు అందులో కిశోర్ అనే విభాగం కిందికి వస్తుంది, తాకట్టు అక్కర్లేదు. 60,000ను 12 శాతానికి 18 నెలలకు తీసుకుంటే ఈఎంఐ 3,660 దాకా ఉంటుంది, మొత్తం వడ్డీ 5,900 లోపే. అదే 60,000 చేతికి రావాలంటే డైలీ ఫైనాన్స్‌లో వడ్డీ 6,700. రెండూ ఇంచుమించు ఒకటే కదా అనుకునేది ఇక్కడే. బ్యాంకు 18 నెలలు ఆగుతుంది. వీళ్లు వంద రోజుల్లో, రోజుకు 667 చొప్పున పట్టుకుపోతారు. మీకు రోజుకు మిగిలేదే వెయ్యి చిల్లర. వాన పడి రెండు రోజులు బండి కదలకపోయినా వాళ్లు మాత్రం వస్తారు. బ్యాంకు ఆలస్యం చేస్తే, ఇంట్లో అభ్యంతరం లేకపోతే బ్యాంకు గోల్డ్ లోన్ కూడా దీనికన్నా ఎంతో నయం.

రిపేరుతో సరిపోతే అప్పే అక్కర్లేదు. 75,000లో పాప ఫీజు 35,000 ఈరోజే వేరే ఖాతాలోకి మార్చేయండి, దాన్ని ఇక చూడకండి. 27,000 వించ్‌కు పోతే 13,000 మిగులుతుంది. తక్కువే, ఒప్పుకుంటాను. ఫీజు రెండు వాయిదాల్లో కడతానని కాలేజీలో ఒక మాట అడిగి చూడండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మెకానిక్ ఇచ్చిన ఆరు రోజుల గడువు ఎనిమిది కావచ్చు. అందుకే పని ఈ వారమే మొదలుపెట్టించండి. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే అండర్‌పాస్‌ల దగ్గర కార్లు ఆగిపోవడం మొదలవుతుంది. మీకు ఏడాదిలో అసలు గిరాకీ అప్పుడే, ఆ రోజుల్లో బండి ఆగితే రోజుకు పోయేది 800తో ఆగదు.

వించ్ తిరగడం మొదలయ్యాక, వించ్ వాడిన ప్రతి ట్రిప్పుకు 50 రూపాయలు పక్కన పెట్టండి. రాత్రి ఇంటికి రాగానే ఫోన్‌లోనే వేరే ఖాతాకు పంపేయొచ్చు. నెలకు 1,500, రెండేళ్లకు 36,000. అప్పటికి ఈ పాత వించ్ చేతులెత్తేసినా కొత్తదాంట్లో సగానికి దగ్గరగా మీ దగ్గరే ఉంటుంది. ఇంకో మూడేళ్లలో వ్యాన్ మార్చే ఆలోచన ఉందన్నారు, వించ్‌ను విప్పి కొత్త బండికి బిగించుకోవచ్చు కాబట్టి ఆ కొనుగోలును వ్యాన్ మార్చే సమయానికి కలుపుకుంటే ఇంకా మంచిది. అప్పుడు ఇన్సూరెన్స్ పాలసీలో వించ్‌ను విడి ఉపకరణంగా రాయించండి. యాక్సిడెంట్‌లో పోతే వస్తుంది. మోటారు దానంతటది కాలిపోతే మాత్రం మామూలు పాలసీలో రాదు, మొన్నటి దానికి క్లెయిమ్ చేయొచ్చా అని అడిగారు కాబట్టి చెప్తున్నాను.

చివరగా ఒక చిన్న సంగతి. రీవైండింగ్ చేసేటప్పుడు మోటారులోంచి తీసిన పాత రాగి తీగను షాపువాళ్లు పక్కన పెట్టేసుకుంటారు, మనం అడగం. మా బోరు మోటారుకు నాలుగుసార్లూ అడగలేదు. మీరు అడగండి, మీ ముందే కాటా వేయించి బిల్లులో తగ్గించమనండి.