శాండ్‌విచ్‌లో పెట్టే చల్లని కోడిమాంసం గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి హనుమకొండ నుంచి మీ మామ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

కాజీపేటలో ఎన్.ఐ.టి. దారిలో శాండ్‌విచ్ దుకాణం తెరుస్తున్నావని, లోపల పెట్టే కోడిమాంసం స్లైసులకు సలామీ తీసుకోవాలా, హామ్ తీసుకోవాలా, పొగబెట్టిన బ్రెస్ట్ తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్లు బేకరీ నడిపి, ఈ మూడింటినీ నా చేతులతో కోసి అమ్మినవాడిని కాబట్టి, నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ప్యాకెట్ మీది పేరును పక్కన పెట్టి, ఆ మాంసం ఎలా తయారైందో చూడడం నేర్చుకో. బ్రెస్ట్ అనేది రొమ్ము కండను కండగానే ఉంచి, ఉప్పునీళ్లలో నానబెట్టి, ఉడికించి లేదా పొగబెట్టి కోసినది. చికెన్ హామ్ పేరుతో వచ్చేది చాలావరకు, కండ ముక్కలను ఉప్పునీళ్లతో కలిపి డ్రమ్ములో తిప్పి, వాటి నుంచి ఊరిన జిగురుతోనే ఒకదానికొకటి అంటుకునేలా అచ్చులో ఒత్తి ఉడికించినది. సలామీ అంటే మాంసాన్ని కొవ్వుతో, మంచుతో, పిండి పదార్థంతో కలిపి మెత్తని ముద్దగా రుబ్బి, తొడుగులో నింపి ఉడికించినది. ఇటలీ వాళ్లు సలామీ అనేది ఉడికించకుండా పులియబెట్టి, వారాల తరబడి ఆరబెట్టే మాంసాన్ని. మనకు దొరికే చికెన్ సలామీకి దానితో పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

సరుకు తెచ్చే ముందు ఒక్కొక్క ప్యాకెట్ కొని, ఒక స్లైసును ట్యూబులైటు వెలుగుకు అడ్డంగా పట్టుకో. రొమ్ము కండ అయితే పోగులన్నీ ఒకే దిక్కుకు సాగి కనిపిస్తాయి. హామ్‌లో ఒక్కో ముక్క పోగులు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి, ముక్కల మధ్య సన్నని జిగురు గీతలు మెరుస్తాయి. సలామీలో పోగు అనేదే కనిపించదు, వేళ్లతో చింపితే జున్నులా తెగుతుంది. తర్వాత నూనె లేకుండా వేడి పెనం మీద వేయి. చుట్టూ నీళ్లూరి, తెల్లని నురుగు కట్టి, ముక్క బాగా చిన్నదైపోతే ఆ ప్యాకెట్‌లో నువ్వు నీళ్లకు కూడా మాంసం ధర కట్టినట్టే.

ప్యాకెట్ వెనుక రాసే పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వస్తాయి. చికెన్ తర్వాత నీళ్లు, వెంటనే స్టార్చ్, సోయా ప్రొటీన్ ఉంటే ఆ వరుసే నీకు విషయం చెబుతుంది. ప్రొటీన్ అంకె కూడా చూడు. ఏమీ కలపకుండా ఉడికించిన రొమ్ము కండలో 100 గ్రాములకు సుమారు 30 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. స్లైసుల ప్యాకెట్ మీద 12 అని ఉంటే మిగిలిన చోటును ఏం నింపిందో ఆలోచించు. 100 గ్రాములకు సోడియం 900 మిల్లీగ్రాములని ఉందనుకో, 50 గ్రాముల మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లో 450 మిల్లీగ్రాములు ఉన్నట్టు. పెద్దవాళ్లకు రోజంతటికీ 2000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, నీ బ్రెడ్డు, వెన్న, సాస్ ఉప్పు ఇంకా కలపనే లేదు. పదార్థాల వరుసలో కనిపించే ఐ.ఎన్.ఎస్. 250 అనేది ఒక నిల్వ రసాయనానికి గుర్తు సంఖ్య, అదే సోడియం నైట్రైట్. ఆ గులాబీ రంగు దానివల్లే వస్తుంది. బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను తెచ్చే సూక్ష్మజీవిని అణచడానికి అది అవసరమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఇలా నిల్వకు సిద్ధం చేసిన మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, ఆ నిర్వచనంలో కోడిమాంసాన్నీ కలిపింది. రోజూ నీ దగ్గరే తినే పిల్లలుంటారు కాబట్టి ఇది నీకు తెలిసి ఉండాలి.

టర్కీ కోడి స్లైసుల జోలికి ఇప్పుడు వెళ్లకు. ధర ఎక్కువ, సరుకు ఇక్కడ నిలకడగా దొరకదు.

నా మాట వింటే, నీ దుకాణంలో ప్రధానంగా నువ్వే వండి కోసిన బ్రాయిలర్ బ్రెస్ట్ ఉండాలి. నాటుకోడి రుచి నాకూ ప్రాణమే, కానీ దాని కండ గట్టిది, సన్నగా కోస్తే పంటికి సాగుతుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు, కొంచెం చక్కెర, దంచిన మిరియాలు వేసి, ఎముక లేని రొమ్ము ముక్కలను అందులో ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచు. తీసి తుడిచి, నూనెతో కలిపిన చపాటా మిర్చి పొడి పట్టించు. మన వరంగల్ చపాటాకు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ, అందువల్ల కోసిన ప్రతి ముక్క అంచునా చక్కని ఎర్రని గీత నిలుస్తుంది. ఆవిరి మీద నెమ్మదిగా ఉడికించి, మాంసం నడిమధ్యన వేడి 74 డిగ్రీలకు చేరగానే దించు; ఇందుకు ఒక థర్మామీటర్ తప్పక కొను. ఆరాక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పోగులకు అడ్డంగా కోయి. వేడి మీద కోస్తే చిట్లిపోతుంది. కిలో పచ్చిమాంసానికి సుమారు 700 గ్రాములే చేతికి వస్తుంది కాబట్టి లెక్క దాని మీద వేసుకో.

రెండో రకంగా మంచి హామ్ ఒకటి పెట్టుకోవచ్చు. సలామీని ఛీజ్‌తో కాల్చే శాండ్‌విచ్‌కే ఉంచు, బోర్డు మీద సలామీ అనే రాయి.

ఏది ఎంచుకున్నా మూడు రోజుల్లో అమ్ముడయ్యేంతే తెరువు. ఒక ఏప్రిల్‌లో రాత్రంతా కరెంటు లేకపోయింది. పొద్దున ముక్కలను ముట్టుకుంటే వేళ్లకు జిగట తగిలింది, వాసన మాత్రం మామూలుగానే ఉంది. కడిగి వాడదామన్నాడు పనిచేసే కుర్రవాడు. నేను మొత్తం పారేయించాను, ఆ వారం లాభం దానితోనే పోయింది, అయినా ఈనాటికీ నాకు ఆ విచారం లేదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. అది గర్భిణులకు మరీ ప్రమాదం కాబట్టి, వాళ్లు ఎవరైనా అడిగితే మాంసాన్ని పొగలు వచ్చేంత వేడి చేశాకే ఇవ్వు. మన ఎండాకాలంలో కోసిన ముక్కలు గంటకు మించి బల్ల మీద ఉండకూడదు.

శనివారం సాయంత్రం మీ అత్తతో కలిసి వస్తాను. రెండు కిలోల బ్రెస్ట్ తెచ్చి ఫ్రిజ్‌లో ఉంచు, ఉప్పునీళ్లు మాత్రం కలపకు, ఆ కొలత నా ముందే చేద్దువుగాని. కోసే కత్తి నాదే తెస్తాను.

ఆశీస్సులతో,
మీ మామ