గురజాడ నాటకం కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదిస్తే మాటకారి మోసగాడు గిరీశం హీరో అయిపోతున్నాడు, ఏం చెయ్యాలి?

మీ ప్రదర్శనకు జనం బాగా నవ్వుతున్నారు గానీ వ్యంగ్యం తగలడం లేదని మీరు రాశారు. కుదింపుల్లో తరచూ ఇదే జరుగుతుంది. గిరీశం మాటలన్నీ ఉంచి, వాటివల్ల నష్టపోయినవాళ్ళ సీన్లు కోసేస్తారు.

ముందు 1909 ప్రతి పట్టుకోండి. 1897 నాటి మొదటి ప్రతిలో వేశ్య మధురవాణికి ఇంత చోటు లేదు.

గిరీశం మొదటి స్వగతంలో 20 రూపాయల లెక్క తీసెయ్యకండి. సంత సామాన్లకని, డబ్బుకు భోజనం పెట్టే పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న ఆ డబ్బు అతను మధురవాణికి ఖర్చుపెట్టాడు. అది వినకపోతే పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వచ్చే సీను, గిరీశం, మధురవాణి కొత్త విటుడు రామప్పంతులు మంచం కింద దాక్కున్న ఉత్త గందరగోళమే. మంచాన్ని వేదిక ముందుకు జరిపి, దుప్పటి అంచు పైకి మడవండి. గిరీశం తప్పుకోవడం, దెబ్బ రామప్పంతులుకి పడడం చివరి వరుసకూ కనపడాలి.

అలాగే అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్ళికి ఇచ్చే ఖరీదు 1800 రూపాయలు. అగ్నిహోత్రావధాన్లు దాన్ని బేరం మాటగా, తడబడకుండా, స్పష్టంగా చెప్పాలి. ఆ ఇంట్లో పిల్లను అమ్మడం మామూలు వ్యవహారం, అరిస్తే అది ఒక కోపిష్టి మనిషి తప్పుగా మిగిలిపోతుంది.

కోతకు మొదట బలయ్యేది కంటె (మెడలో నగ) వ్యవహారం. మధురవాణి కంటె రామప్పంతులు చేతికి, అక్కణ్ణించి మాయగుంట (సుబ్బి బదులు లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురిగా అంటగట్టిన, ఆడవేషం వేసిన కుర్రాడు) మెడలోకి, ఆ తర్వాత మాయగుంటతోపాటే మాయం. పంతులు అబద్ధాలు అతని మెడకే చుట్టుకునేది ఇక్కడే. నిడివి చాలకపోతే బైరాగి సీను తగ్గించుకోండి గానీ దీన్ని ముట్టుకోవద్దు. మాయగుంట వేసే కుర్రాడు ప్రేక్షకులకేసి కన్ను గీటకూడదు. లుబ్ధావధాన్లు నమ్మాడని మనం నమ్మాలి కదా.

అన్నిటికన్నా ముఖ్యం అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు, వితంతువు అయిన బుచ్చమ్మతో వితంతు వివాహం గురించి గిరీశం మాట్లాడే సీన్లు. నటుడు వాటిని ఎగతాళిగా పలికితే జనం సంస్కరణను చూసి నవ్వుతారు, గురజాడ ఉద్దేశం తలకిందులవుతుంది. మాటలు నిజమైనవి, మనిషి దొంగ. కాబట్టి పూర్తి నమ్మకంతో పలికించండి. అతని శిష్యుడు, బుచ్చమ్మ తమ్ముడు వెంకటేశం పక్కన ఉన్నప్పుడు మాత్రం గొంతు, నిలబడే తీరు మారాలి. ఆ తేడాలోనే అతని మోసం బయటపడుతుంది.

చివర వకీలు సౌజన్యారావు ఇంటి సీనుకు కనీసం 15 నిమిషాలు ఉంచండి. మగవేషంలో వచ్చిన మధురవాణి నిజం చెప్పడం, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం తొందరగా దాటేస్తే గిరీశం ఆఖరి డైలాగుకు చప్పట్లు పడతాయి గానీ అతను ఓడిపోయాడని ఎవరికీ అనిపించదు.