ఆకుపచ్చ సిరాతో రాసిన పేరు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక ప్రేమ నవల కొన్నాను. పదిహేడేళ్ల వయసులో మనసుపడిన అబ్బాయిని కథానాయిక ఇరవై ఏళ్ల తర్వాత కలుసుకునే కథ. అది చదివాక, ఇంటర్‌లో నాతోపాటు అరండల్‌పేటలో ట్యూషన్‌కు వచ్చిన అబ్బాయిని ఫేస్‌బుక్‌లో వెతికాను. దొరికాడు. రెండు నెలలుగా మాట్లాడుకుంటున్నాం. వచ్చే ఆదివారం విజయవాడలో కలుద్దాం, ఇంట్లో చెప్పకు అన్నాడు. వెళ్తే తప్పా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో సగం ఆ ఫిజిక్స్ రికార్డు గురించే. చిరిగిన అట్టతో అతని చేతికి వెళ్లిన రికార్డు, కొత్త బ్రౌన్ పేపర్ అట్ట వేసుకుని, ఆకుపచ్చ సిరాతో మీ పేరు రాసిన చీటీతో తిరిగొచ్చింది. పేరులోని ఒత్తు కూడా పొల్లుపోలేదని రాశారు. అది ఇప్పటికీ మీ పెట్టెలో ఉందన్నారు. ఉండనివ్వండి. అలాంటివి తగలబెట్టమని చెప్పేవాళ్లతో నాకు పడదు.

ఇక నవల. మీరు చెప్పినదాన్ని బట్టి, రచయిత్రి మొదటి ఇరవై పేజీల్లోనే కథానాయికకు విడాకులు ఇప్పించేసింది. అతనికైతే పెళ్లే చేయలేదు. ఈ తరహా నవలలు కొనేవాళ్లు సుఖాంతం కోసమే కొంటారు కాబట్టి, దానికి అడ్డొచ్చే మనుషులను ముందే తప్పించడం రాసేవాళ్లకు మామూలే. నాకూ ఇవి ఇష్టమే, రైల్లో ఒక్క బిగిన చదివేస్తాను. కానీ మీకు ఆ సౌకర్యం ఎవరూ చేసిపెట్టలేదు. మీకు భర్త ఉన్నారు. అతనికి భార్య ఉందో లేదో మీరు అడగలేదు, అతను చెప్పలేదు. రెండు నెలల కబుర్లలో ఆ ఊసే రాలేదంటే, అది మరుపు కాదు.

నలభై దాటినవారిని పాత సంగతులు చెప్పమంటే 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వవేత్తలు చాలాసార్లు గమనించారు. మొదటిసారి జరిగేవన్నీ చాలావరకు ఆ వయసులోనే కదా. ఆకుపచ్చ సిరా నిన్న రాసినట్టు కనిపిస్తోందంటే, అతనే మీకు రాసిపెట్టినవాడని కాదు. ట్యూషన్‌లో రెండేళ్లూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదని మీరే రాశారు. అతని గొంతు మీరు మొదటిసారి విన్నది మొన్న మార్చిలో, ఫోనులో.

పాత పరిచయస్తుణ్ణి కలవడం తప్పు కాదు. అయినా ఈ ఆదివారం వెళ్లవద్దు. ‘ఇంట్లో చెప్పకు’ అన్న అతని మాటే కారణం. మీ ఇంట్లో ఎవరికి ఏమి చెప్పాలో అతను చెప్పేదాకా వచ్చింది వ్యవహారం. మీరేమో మీవారు వచ్చే వేళకు రోజూ సందేశాలు చెరిపేస్తున్నారు. తప్పా కాదా అన్న తీర్పు నాకంటే ముందు మీ వేలే ఇచ్చేసింది. ‘రావడం లేదు’ అని ఒక్క ముక్క రాయండి, సంజాయిషీలు వద్దు. బతిమాలితే ఊరుకోండి. బెదిరిస్తే మాత్రం ఆ సందేశాలు చెరపకుండా ఉంచి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి.

మీవారి గురించి మీరు రాసింది ఆరు వాక్యాలే. వాటిలో ఒకదాన్ని నేను రెండుసార్లు చదివాను. సీజనులో రాత్రి పదింటికి వస్తారు, పలకరించనైనా పలకరించకుండా పెరట్లోకి వెళ్లి, చొక్కా విప్పేసి, స్నానం చేస్తే గానీ లోపలికి రారు అని మీ ఫిర్యాదు. వేరే పేజీలో, వేరే సందర్భంలో, మీకు చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉందని రాశారు. మిర్చి ఘాటు పట్టిన చొక్కాతో ఆయాసం మనిషి పక్కకు వస్తే ఏమవుతుందో గుంటూరువాళ్లకు ఒకరు చెప్పాలా? ఆయన మనసులో ఉన్నది అదేనని నేను తీర్మానించడం లేదు, ఒట్టి అలవాటే కావచ్చు. మాట్లాడని మనిషితో కాపురం తేలికనీ అనను. చొక్కా మార్చుకున్నంత మాత్రాన కబుర్లు చెప్పినట్టు కాదు.

యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు కదా, ఆయన ఇంటిపట్టున ఉండే ఆ రోజుల్లో అడగండి. జరిగినదంతా ఆయనకు చెప్పాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ చొక్కా సంగతి అడిగి, ఏమన్నారో నాకు రాయండి.