దద్దుర్లు లేచాయని పప్పూ కూరా మానేయక్కర్లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఈమధ్య ఒక రాత్రి అన్నం తిన్న కాసేపటికి నడుము చుట్టూ దురద మొదలైంది. చూస్తుండగానే దోమ కుట్టినట్టు ఎర్రగా లేచి, ఒకదానితో ఒకటి కలిసిపోయి అరచేయంత వెడల్పున ఉబ్బాయి. తెల్లారేసరికి మచ్చ కూడా లేదు. సాయంత్రం మళ్ళీ తొడల మీద, చేతుల మీద. అప్పట్నుంచి రోజూ ఇదే వరస. ఒకరోజు ఎడమ కంటి రెప్ప వాచిపోయింది. దీనికి ముందు వారం జలుబు, జ్వరం వస్తే ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను. మా అత్తయ్య ఇవి పిత్తం దద్దుర్లని గొంగళి కప్పి రుద్దింది. ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు తగ్గి మళ్ళీ వచ్చాయి. గోంగూర, వంకాయ, గుడ్డు, చేపలు, చివరికి కందిపప్పు కూడా మానేసి పెరుగన్నం తింటున్నాను. లివర్ చెడిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. అలర్జీ టెస్టుల ప్యాకేజీ చేయించుకోమంటున్నారు, వేలల్లో ఖర్చు. పిల్లలకి అంటుకుంటుందా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఈ పూట పప్పు, కూర వండుకుని కడుపు నిండా తినండి. పిల్లల్ని ఎప్పటిలాగే పక్కన పడుకోబెట్టుకోండి, ఇది అంటుకునేది కాదు. లివర్ జబ్బులో దురద వస్తుంది గానీ, సాధారణంగా ఇలా ఉబ్బులు లేవవు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ‘తెల్లారేసరికి మచ్చ కూడా లేదు’ అన్నది. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. అవి హిస్టమిన్ అనే పదార్థాన్ని ఒక్కసారిగా వదిలితే అక్కడి సన్నటి రక్తనాళాల్లోంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పెడుతుంది. కాసేపటికి ఒళ్ళే ఆ నీటిని వెనక్కి లాక్కుంటుంది. దీన్ని మేం అర్టికేరియా అంటాం, మీరనే దద్దుర్లే. ఏ ఒక్క దద్దురూ మామూలుగా 24 గంటలకు మించి ఒకేచోట ఉండదు. ఇవాళ లేచిన ఒకదాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, టైము రాసి పెట్టుకోండి. రేపటికి గీత ఉండి దద్దురు లేకపోతే ఇది అదే. అలా కాకుండా గీతలోనే ఉండిపోయినా, దురదకన్నా మంట, నొప్పి ఎక్కువగా ఉన్నా, తగ్గాక కమిలినట్టు మచ్చ మిగిలినా రక్తనాళాల వాపేమోనని చూడాలి. అప్పుడు చర్మం చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాల్సి రావచ్చు.

దద్దురు దానంతటదే పోతుంది కాబట్టే దీనికి ఇన్ని వైద్యాలు పుట్టుకొచ్చాయి. రాత్రి గొంగళి కప్పారు, పొద్దున తగ్గింది. కప్పకపోయినా పొద్దునకి తగ్గేదే! పైగా రాపిడి, వేడి తగిలితే హిస్టమిన్ ఇంకా వస్తుంది. అత్తయ్యగారి మనసు నొప్పించకుండా గొంగళి మడిచి లోపల పెట్టి, చన్నీళ్ళలో పిండిన గుడ్డ వేయమని అడగండి. ఆమె ఆదుర్దాకీ ఒక పని దొరుకుతుంది.

తిండి సంగతి. తిండి అలర్జీ అయితే తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. అది తిన్న ప్రతిసారీ వస్తుంది. రొయ్యలు, వేరుశనగ, గుడ్డు లాంటివాటితో అలా జరగడం నేనూ చూశాను. మీరు చిన్నప్పట్నుంచీ తింటున్న గోంగూర ఉన్నట్టుండి పగబట్టదు. పెరుగన్నం తింటున్నా దద్దుర్లు వస్తూనే ఉన్నాయంటే అదే పెద్ద పరీక్ష, పైసా ఖర్చు లేకుండా అయిపోయింది.

ఆ ప్యాకేజీ కూడా వద్దు. రక్తంలో ఫలానా పదార్థానికి యాంటీబాడీ (దాన్ని గుర్తుపట్టడానికి ఒళ్ళు తయారుచేసుకునేది) కనిపించినంత మాత్రాన అది మీకు పడదని కాదు. హాయిగా తిని అరాయించుకునేవాళ్ళలోనూ అవి కనిపిస్తాయి. ఆ రిపోర్టు పట్టుకుని పాలు, గోధుమలు, టమాటా అన్నీ మానేసి నీరసించి మా దగ్గరికి వచ్చేవాళ్ళకి తిండి మళ్ళీ అలవాటు చేయడం దద్దుర్లు తగ్గించడం కన్నా కష్టం.

మీ కేసులో నా అనుమానం జలుబు జ్వరం మీద, ఆ మాత్రల మీద. వైరస్ జ్వరం తర్వాత ఇలా రావడం చాలా మామూలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు దద్దుర్లు తెప్పించగలవు, ఉన్నవాటిని రెచ్చగొట్టగలవు. కొన్ని యాంటీబయాటిక్స్ కూడా అంతే. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రల ఖాళీ స్ట్రిప్పు దొరికితే డాక్టర్‌కి చూపించండి. ఈలోగా నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి. చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు; దొరక్కపోయినా ఎక్కువ మందిలో ఆరు వారాల్లోపే తగ్గిపోతుంది.

ఆర్‌ఎంపీ చేసిన ఇంజెక్షన్‌లో సాధారణంగా ఉండేది అవిల్ అనే అలర్జీ మందు, దాంతోపాటు స్టెరాయిడ్. స్టెరాయిడ్ దిగిపోగానే దద్దుర్లు మళ్ళీ లేస్తాయి, మీరు మళ్ళీ వెళతారు. అలా పదే పదే చేయించుకుంటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇక చేయించుకోకండి. దీనికి అసలు మందు చవకైనదే: లివోసెట్రిజిన్ 5 మి.గ్రా. లేదా ఫెక్సోఫెనడిన్ 180 మి.గ్రా., రోజుకి ఒకటి. దురద పుట్టినప్పుడు వేసుకుని తగ్గగానే మానేయడం మన అలవాటు. అలా కాకుండా రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, దద్దుర్లు ఆగాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు కొనసాగించాలి. మీరు మిషన్ మీద పనిచేస్తారు కాబట్టి మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ మేలనిపిస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నా, గర్భం ఉన్నా ముందే డాక్టర్‌కి చెప్పండి. వేడినీళ్ళ స్నానం కొన్నాళ్ళు ఆపండి. లంగా నాడా బిగించి కట్టుకునేచోట ఒత్తిడికి కూడా లేస్తాయి, కాస్త వదులు చేయండి. దురదకి కాలమైన్ లోషన్ రాసుకోవచ్చు. షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు మాత్రం వద్దు.

చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు దద్దుర్లు ఉన్నప్పుడే ఫోన్లో ఫొటో తీసుకోండి. ఓపీ టైముకి ఒంటి మీద ఏమీ లేక ‘రాత్రి చూడాల్సింది డాక్టర్ గారూ’ అని పాపం సిగ్గుపడేవాళ్ళు నాకు తరచూ కనిపిస్తారు.

కంటిరెప్ప వాపు చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ దానివల్ల చూపుకి ముప్పు లేదు. నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, మాట బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతోపాటు వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్ర వేసుకుని చూద్దామని కూర్చోకూడదు.

ఆరు వారాలు దాటినా వస్తూనే ఉంటే దీర్ఘకాలిక దద్దుర్లంటాం. అప్పుడు రక్త పరీక్ష, థైరాయిడ్ చూస్తాం. ఇదే మాత్ర మోతాదు నాలుగు రెట్ల దాకా పెంచే వీలుంది, అది డాక్టర్ చూసుకుంటూ చేయాల్సిన పని. దానికీ లొంగకపోతే నాలుగు వారాలకోసారి చేసే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది, ఖరీదు ఎక్కువ. మీరు అంత దూరం ఇప్పుడే ఆలోచించకండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. దురద, దద్దుర్లు ఏమీ లేవు గానీ పై పెదవి అప్పుడప్పుడు వాచి మర్నాటికి తగ్గుతోంది. సెట్రిజిన్ వేసుకున్నా లాభం లేదు. బీపీకి చాలాకాలంగా రామిప్రిల్ వాడుతున్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, అనుమానం ఆ రామిప్రిల్ మీదే. ఎనలాప్రిల్, లిసినోప్రిల్ కూడా ఈ కోవలోవే. ఏళ్ళ తరబడి పడిన మాత్ర కూడా ఒకనాడు ఇలా వాపు తేవచ్చు. ఇది హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు, అందుకే హిస్టమిన్‌ని అడ్డుకునే సెట్రిజిన్ దీనికి పనిచేయదు. ఈసారి పెదవితో ఆగకుండా నాలుకకీ గొంతుకీ పాకవచ్చు, కాబట్టి తర్వాతి మాత్ర వేసుకోకముందే ఇవాళే మీ డాక్టర్‌ని కలిసి వేరే రకం బీపీ మాత్రకి మార్చమనండి. బీపీ మందు మొత్తానికే మానేయకండి. ఇకమీదట ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా రామిప్రిల్ పడలేదని చీటీ మీద రాయించుకోండి.