అత్తగారి పేరిట సైకిల్ యాత్ర, ఇంట్లో మౌనం

ప్రశ్న: మేము ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటాం. మా దగ్గరే ఉన్న అత్తగారు క్యాన్సర్‌తో బాధపడి, ఆఖరి మూడు వారాలు ఇక్కడి హాస్పిస్‌లో (నయంకాని జబ్బున్నవాళ్లను నొప్పి లేకుండా చూసుకునే చోటు) ఉండి కిందటి జూన్‌లో కన్నుమూశారు. అంతకుముందు ఇంట్లో ఆమెకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం నేనే చూసుకున్నాను. ఇప్పుడు మావారు ఆ హాస్పిస్‌కు విరాళాల కోసం ఇద్దరు స్నేహితులతో కలిసి బ్రిటన్ నైరుతి కొసన ఉన్న లాండ్స్ ఎండ్ నుంచి ఉత్తరం కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ దాకా రెండు వారాలు సైకిల్ తొక్కుతానంటున్నారు. ఆయనకు 49 ఏళ్లు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. సెలవు రోజులన్నీ సాధనకే పోతున్నాయి, ఇంట్లో మాటలు లేవు. పైగా ప్రయాణం సరిగ్గా ఆబ్దికం రోజుల్లోనే పెట్టుకున్నారు. తెనాలిలో మామగారు నొచ్చుకుంటున్నారు. వీసా రాక ఆఖరి చూపు దక్కని ఆడపడుచు, ‘అమ్మను ఎక్కడో పడేసి, ఇప్పుడు జుట్టు ఊడిన ఆమె ఫొటో పెట్టి చందాలు అడుగుతున్నాడు’ అని బంధువులందరితో అంటోంది. ఆయన్ను ఆపాలా?

జవాబు: ఆపకండి. ఆయన ఎత్తుకున్నది మంచి పని. అయితే బయలుదేరేలోపు ఇంట్లో తేలాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందు ఆడపడుచు మాట. మీవారి మౌనానికి మూలం అందులోనే ఉందని నాకు అనిపిస్తోంది. ‘పడేశావు’ అన్న మాటకు ఆయన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే లోలోపల ఆయనా తనను అదే అడుగుతున్నారేమో. హాస్పిస్ అంటే ఇక లాభం లేదని వదిలేసే చోటు అని మనవాళ్లలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అక్కడ జరిగేది వేరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ నర్సుగా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివిన మనిషి. నొప్పి భరించలేక రోగి కేకలు పెట్టాక కాదు, నొప్పి తిరిగి రాకముందే వేళ తప్పకుండా మందు ఇవ్వాలని ఆమె పట్టుబట్టారు. రోగి మనసులోని భయాన్ని, ఇంటివాళ్ల దిగులును కూడా ఆ నొప్పిలో భాగంగానే చూశారు. అర్ధరాత్రి మార్ఫిన్ మోతాదు మార్చడం ఏ కొడుకూ, ఏ కోడలూ ఇంట్లో చేయగలిగేది కాదు. అందుకే చేర్పించారు. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ కూడా ఇదే సేవను ఉచితంగా చేస్తోందని ఆడపడుచుతో చెప్పండి.

ఈ మాట మీవారు చెబితే తనను తాను సమర్థించుకుంటున్నట్టు ఉంటుంది. మీరే ఫోన్ చేయండి, వాదించడానికి మాత్రం కాదు. ఆఖరి రోజుల్లో వాళ్లమ్మ ఏం తిన్నారు, ఎవరిని అడిగారు, నొప్పి తగ్గాక ఎలా నిద్రపోయారు, అన్నీ చెప్పండి. తల్లిని చూడలేకపోయిన కూతురికి ఆ వివరాలు కావాలి. ఆమె కోపంలో ఎక్కువ భాగం ఆ దూరానిదే.

ఫొటో విషయంలో మాత్రం ఆమె మాటే న్యాయం. అత్తగారు తానుగా నలుగురికీ చూపించుకునే ఫొటో పెట్టండి. చందాలు అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బ్రిటన్‌లో పెద్దవాళ్ల హాస్పిస్‌లకు ప్రభుత్వం నుంచి వచ్చేది మొత్తం మీద ఖర్చులో దాదాపు మూడో వంతు మాత్రమే. మిగతాది విరాళాలు, సేవా దుకాణాలు, ఇలాంటి యాత్రల నుంచి రావాలి. ప్రయాణం ఖర్చు మీరే పెట్టుకుంటుంటే, వచ్చిన ప్రతి పౌండూ హాస్పిస్‌కే వెళ్తుందని ఆ విజ్ఞప్తిలో పైనే రాయండి. అక్కడ పన్ను కట్టే దాతలను గిఫ్ట్ ఎయిడ్ అంగీకారం కూడా అడగండి. ఒక్కో పౌండుకు మరో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి హాస్పిస్‌కు చేరతాయి. తెనాలి బంధువులను మాత్రం అడగవద్దు.

ఇక ఆబ్దికం. ఇక్కడ నేను మామగారి పక్షం. యాత్రే అమ్మకు శ్రాద్ధమని మీవారు అనవచ్చు, కానీ ఆ తిథి ఆయన ఒక్కరిదీ కాదు. జీవితమంతా కలిసి బతికిన భార్యను పోగొట్టుకున్న పెద్దాయన కొడుకు పక్కన కూర్చోవాలనుకుంటున్నారు. వెళ్తున్నది ముగ్గురే కాబట్టి తేదీలు మార్చుకోవచ్చు. జూలైలోనూ అక్కడ పగలు చాలా పొడుగు. సాధనకు మరికొన్ని వారాలు కలిసి వస్తాయి కూడా.

ఆ సాధన అవసరమే. ఆ దారి దాదాపు 1,400 కిలోమీటర్లు, అంటే రోజుకు వంద. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుందని చాలామంది దక్షిణం నుంచే మొదలుపెడతారు, కానీ కార్న్‌వాల్, డెవన్ కొండలు మొదటి రోజుల్లోనే కాళ్లను పరీక్షిస్తాయి. ఆదివారం ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కడం వేరు, మర్నాడు లేచి మళ్లీ తొక్కడం వేరు. వరుస రోజులు తొక్కి చూడమనండి. షుగరు విషయంలో నేను గట్టిగానే చెబుతాను: డాక్టర్‌ను కలవకుండా ఆయన బయలుదేరకూడదు. కొన్ని రకాల మాత్రలతో, పెద్ద శ్రమ చేసిన కొన్ని గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. మోతాదు మార్చాలో లేదో డాక్టరే చెప్పాలి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే ఏం చేయాలో ఆ స్నేహితులిద్దరికీ తెలిసి ఉండాలి.

మీ గురించి మీరు ఒక్క వాక్యం రాసి దాటేశారు. స్నానం చేయించిన చేతులు మీవి. బంధువుల దృష్టిలో తల్లిని పోగొట్టుకున్నది కొడుకు, కూతురు. మీరు పోగొట్టుకున్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, బహుశా మీరు కూడా. మీవారికి దుఃఖం మోయడానికి ఒక సైకిల్ దొరికింది, మీకు వంటిల్లు మిగిలింది. ఒక ఆదివారం సైకిల్ బయటికి తీయవద్దని అడగండి. ఆమెను హాస్పిస్‌కు తీసుకెళ్లిన రోజు మీకెలా గడిచిందో ముందు మీరు చెప్పండి, తర్వాత ఆయన్ను అడగండి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఆపుకోకండి. అక్కడి హాస్పిస్‌లలో చాలావరకు, రోగి పోయాక కుటుంబంతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు. కోడలికి కూడా ఆ సహాయం అందుతుంది. మీవారు వస్తే ఇద్దరూ వెళ్లండి, రాకపోతే మీరొక్కరే వెళ్లండి.