తిరుపతిలో వాకింగ్, సైకిల్ ట్రాక్ కోసం కాలనీవాళ్ళం ఏం చేయొచ్చు?
కొండెక్కడానికి అలిపిరిలో 3,550 మెట్లున్నాయి గానీ ఊర్లో నడవాలంటేనే కష్టం. ఊరంతా ట్రాకులు వేయమని ఒకేసారి అడగొద్దండి, కపిలతీర్థం రోడ్డు లాంటిది ఒక్కటి పట్టుకోని టేపుతో కొలవండి. ఐఆర్‌సీ (రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రూల్స్ ప్రకారం ఫుట్‌పాత్‌ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లుండాలి, రోడ్డు మీంచి దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్లు, పార్క్ చేసిన బైకులు, పగిలిన పలకలు అన్నీ ఫొటోలు తీసి మ్యాప్‌లో పెట్టి వార్డు సచివాలయంలోనూ కార్పొరేషన్ ఇంజినీర్లకీ ఇస్తే, "రోడ్డు బాలేదు సార్" అనే అర్జీలాగా దాన్ని పక్కన పడేయలేరు.

తోపుడు బండ్లోళ్ళని తరిమేయమని మాత్రం అడగొద్దు, 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళ వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ళకీ సీట్లున్నాయి, కలుపుకోని పోవాల్సిందే.

సైకిల్ ట్రాకంటే ఊరికే పెయింటు గీత గీస్తే సాయంత్రానికి అక్కడ బైకులు పెట్టేస్తారు (మనోళ్ళ సంగతి తెలిసిందే కదా), మధ్యలో గట్టి అడ్డం ఏదైనా ఉండాలి. అంతకంటే ముందు ట్రాఫిక్ పోలీసుల పర్మిషన్ తీసుకోని ఆదివారం పొద్దున రెండు గంటలు బండ్లు ఆపించి ఎంతమంది వస్తారో చూడండి.